సున్న పెట్టని పిల్ల

ఆ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది హాజరుపట్టీకే పరిమితం. మిగతా లోకానికంతటికీ ఆమె ఉచితం టీచర్. ఆ పేరు ఆమె కష్టపడి సంపాదించుకున్నదే. బోర్డు మీద త్రిభుజం వంకరగా వచ్చిందని లెక్కల మాస్టారు విసుక్కుంటే చాలు, కుర్చీ లాక్కుని పక్కన చేరిపోయేది. "దానికొక వెబ్‌సైటుంది మాస్టారూ, మీరు గీత గీస్తే అదే సరిచేస్తుంది. ఉచితమే" అనేది. భాష చెప్పే ఆవిడ గొంతు బొంగురుపోతే, పాఠం చదివి వినిపించే సైటు ఒకటి వెతికి చేతిలో పెట్టింది. అదీ ఉచితమే. ఆమె చూపించినవన్నీ అందరూ వాడుకునేవారు, వాడుకుంటూనే వెనకాల నవ్వుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నవ్వితే నవ్వనీ, వాడుతున్నారు కదా అని ఆమె ధీమా.

ఆ ధీమాలో తప్పు పట్టడానికేమీ లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పాలంటే అంతకుముందు ఆమెకున్న ఆధారమల్లా గోడకు వేలాడే ఒక పాత చార్టు. చెమ్మ పట్టి, సగం గుండె పొరలు పొరలుగా లేచిపోయింది. అలాంటిది, ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి ఊరికే పెట్టిన ఒక సైటులో గుండె గిరగిరా తిరిగేది, కవాటాలు తెరుచుకుని మూసుకునేవి. దాన్ని మొదటిసారి తెర మీద చూపించినప్పుడు వెనక బెంచీవాళ్ళు సైతం లేచి నిలబడి చూశారు. ఆ తర్వాత ఆమెను పట్టేవాళ్ళు లేకపోయారు. నక్షత్రాలు చూపించేది ఒకటి, వర్క్‌షీట్లు తయారుచేసేది ఒకటి, ఇలా దొరికిందల్లా నేర్చుకుంటూ పోయింది.

ఇక దిద్దుడు సంగతి చెప్పాలి. అదివరకు నోటుపుస్తకాల కట్టలు సంచిలో వేసుకుని ఇంటికి మోసుకొచ్చేది. భోజనాల బల్ల మీద పరిచి, ఎర్రపెన్ను పట్టుకుని, మెడ విరిగేలా కూర్చునేది. బ్యాటరీల కొట్టు నడిపే భర్త ఎదురుగా కూర్చుని మార్కులు కూడి పెట్టేవాడు, మధ్యమధ్యలో పిల్లలు రాసిన వింతలు చదివి పగలబడి నవ్వేవాడు. చివరికి మెడ పట్టేసింది. డాక్టరు పట్టీ వేసి, ఇంకా ఇలాగే వంగితే చెయ్యి కూడా తిమ్మిరెక్కుతుందని బెదిరించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె కంట ఆ క్విజ్ సైటు పడింది. ప్రశ్న మనం రాయాలి, జవాబూ మనమే రాసిపెట్టాలి. పిల్లలు కంప్యూటర్ గదిలో కూర్చుని జవాబులు టైపు చేస్తారు. దిద్దడం దాని పని. సరైనదైతే పచ్చ, తప్పైతే ఎరుపు. ఏ పిల్లకు ఎన్ని పచ్చలో, ఎన్ని ఎరుపులో పటం గీసి మరీ ఇస్తుంది. ఉచితం టీచర్ ఎగిరి గంతేసేదే, మెడ పట్టీ అడ్డొచ్చి ఆగింది.

హెడ్‌మేడం ఆమెకంటే ఎక్కువ సంబరపడింది. ఆ పటాలను రంగుల్లో అచ్చు తీయించి తల్లిదండ్రుల సమావేశంలో గోడంతా అంటించింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఎరుపు ఎక్కువగా ఉన్న పిల్లల్ని ప్రయోగాల గంటలో వేరే గదికి పంపి పునాదులు గట్టిపరచాలని ఆవిడకు ఆలోచన వచ్చింది. దానికి పునాది గది అని ముచ్చటగా పేరు కూడా పెట్టింది. పిల్లలు మాత్రం మొదటి రోజు నుంచే దాన్ని మొద్దుల గది అన్నారు. పెద్దవాళ్ళు ఎంత పూత పూసినా పిల్లల దగ్గర ఇలాంటివి దాగవు.

ఏడో తరగతిలో పిచ్చుక అని ఒక పిల్ల ఉండేది. ఆ పేరు పెట్టింది కూడా ఉచితం టీచరే. ప్రశ్న సగంలో ఉండగానే దాని నోట్లోంచి జవాబు వచ్చేసేది, వద్దన్నా ఆగేది కాదు. అలాంటి పిల్ల పటం మీద ఎరుపు చూసి టీచరు మొదట ఆశ్చర్యపోయింది. ఊపిరితిత్తులు సరైనది, ధమనులు సరైనది, హృదయం తప్పు. వేరు తెలుసు, ఆకు తెలుసు, పుష్పం తెలియదు. చూడాల్సింది అక్కడే. కానీ ఆమె చూడలేదు. నోటితో గడగడా చెప్పి రాతలో చతికిలబడే పిల్లలు ఆమెకు కొత్త కాదు, ఇదీ ఆ బాపతే అనుకుంది. పైగా టీ తాగుతూ స్టాఫ్‌రూమ్‌లో, "ఈ పిల్లకు ఊపిరితిత్తులున్నాయి, ధమనులున్నాయి, హృదయమే లేదు పాపం" అని ఒక జోకు వేసింది. అందరూ నవ్వారు. తనను చూసి కాకుండా తన మాటకు వాళ్ళు నవ్వినందుకు ఆమెకు హాయిగా కూడా అనిపించింది.

పిచ్చుక మొద్దుల గదికి పోయింది. కొన్నాళ్ళకు క్లాసులో కూడా దాని నోరు మూతపడింది. గదిలో అల్లరి తగ్గిందని టీచరు గమనించింది గానీ, ఎందుకు తగ్గిందో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. అప్పటికి ఆమె క్విజ్‌లకు పేరొచ్చేసింది. టీచర్లు తమ పాఠాలు తోటివారి కోసం ఊరికే పెట్టే సైటు ఒకటుంది. తన క్విజ్‌లన్నీ ఆమె అందులో పెట్టింది. ఎవరైనా ఒక్క నొక్కు నొక్కితే నకలు వాళ్ళ సొంతమైపోతుంది. ఎక్కడెక్కడి టీచర్లో ధన్యవాదాలు రాసేవారు. ఆమె వాటిని భర్తకు చదివి వినిపించేది. ఒకరిద్దరు ఆమె పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్నారని తెలిసి కాస్త మొహం ముడుచుకుంది కూడా.

పునాది గది చూసుకునే డ్రాయింగు మాస్టారు ఒకరోజు సెలవు పెట్టాడు. ఆ గంట ఉచితం టీచర్ మీద పడింది. ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. అక్కడ పిల్లలు చేసే పని మాత్రం ఆమె పంపినదే. చిన్న పిల్లల కోసం ఎవరో తయారుచేసిన వర్క్‌షీట్లు నెట్‌లోంచి దించి ఇచ్చింది. కళ్ళూ నవ్వే మూతీ ఉన్న ఆకు బొమ్మకు పిచ్చుక ఆకుపచ్చ రంగు వేస్తోంది. అంచు దాటకుండా, చాలా శ్రద్ధగా వేస్తోంది. టీచరుకు ఎందుకో ఆ కాగితం వైపు చూడబుద్ధి కాలేదు.

క్విజ్ సమయానికి పిల్లలు ఆ గదిలోనే ఓ మూలనున్న కంప్యూటర్ల ముందుకు చేరారు. ఖాళీ కుర్చీ పిచ్చుక పక్కనే ఉండడంతో ఆమె అందులో కూర్చుంది. తిన్న ఆహారం సంచిలాంటి ఏ భాగంలోకి చేరుతుందని ప్రశ్న. పిల్ల తడుముకోకుండా టైపు చేసింది. తెర ఎర్రబడింది. పిల్ల ఆ ఎరుపు వైపు చూడనైనా లేదు, తర్వాతి ప్రశ్నకు పోబోయింది.

"ఆగాగు. ఏం రాశావు?"

"జీర్ణాశయము అని రాశాను టీచర్."

"మరి తప్పంటోందేం?"

"నాకెప్పుడూ అలాగే అంటుంది టీచర్" అంది పిచ్చుక. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

టీచరు కీబోర్డు తన వైపు లాక్కుంది. చివరి ము తీసేసి సున్న పెట్టింది. జీర్ణాశయం. తెర పచ్చబడింది. సున్న తీసి మళ్ళీ ము పెట్టింది. ఎరుపు. ఇంకోసారి చేసి చూడబోయి, చెయ్యి రాక ఆగిపోయింది.

సంగతి అంతే. అందరూ సున్న పెట్టి రాసే మాటను ఈ పిల్ల పాత పుస్తకాల్లో లాగా ము పెట్టి రాస్తోంది. హృదయం అన్నా హృదయము అన్నా ఒకటే మాట అని బడిమెట్టెక్కిన ఎవరికైనా తెలుసు. సైటుకు తెలియదు. టీచరు రాసిపెట్టిన జవాబుతో అక్షరం అక్షరం సరిపోల్చడం తప్ప దానికి భాషంటూ ఏమీ లేదు. మాట చివర సున్న పెట్టనందుకు పిల్లకు మార్కుల్లో సున్న పడింది. ఇదేదో వేళాకోళం కోసం కల్పించినట్టుంటుంది గానీ, అక్కడ నవ్వడానికి ఎవరికీ నోరు రాదు. పిల్లలు ఒకరికొకరు చెప్పేసుకుంటారని, తప్పు రాసినా సరైన జవాబు చూపించవద్దని సైటులో మీట నొక్కి పెట్టింది కూడా టీచరే. తన జవాబుకు ఏమైందో తెలిసే దారి పిల్లకు లేకుండాపోయింది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా, నేను సరిగ్గానే రాస్తున్నానని?"

"చెప్పాను టీచర్. కంప్యూటర్ తప్పు చెయ్యదమ్మా, ఇంకోసారి చదువుకో అన్నారు."

ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఎప్పుడో వరండాలో నడుస్తూ, ఫోను చూసుకుంటూ అనేసి ఉంటుంది. అన్నందుకంటే గుర్తులేనందుకే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

ము పెట్టి రాయడం ఎవరు నేర్పారని అడిగితే, అమ్మమ్మ అంది పిల్ల. అమ్మమ్మ దగ్గర ఆవిడ చిన్ననాటి వాచకం ఒకటుంది. తల్లి ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది. అప్పటిదాకా వీళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని ఆ పుస్తకం చదువుకునేవాళ్ళు. చదువుకునేవాళ్ళు అంటే ఇప్పుడు చదవట్లేదా అని టీచరు అడిగింది. పిల్ల తల దించుకుని కీబోర్డు అంచు గోకింది.

"ఈ గదికి పంపించిన రోజు కోపమొచ్చింది టీచర్. నీకు చదువు రాదు, నువ్వు నేర్పినవన్నీ తప్పులే, నీవల్లే నన్ను మొద్దుల్లో వేశారు అన్నాను. అమ్మమ్మ పుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది."

పిల్ల మార్కులు దిద్దవచ్చు, గది మార్చవచ్చు. ఒక ముసలావిడ మనసు విరిగి బీరువాలో పెట్టిన పుస్తకం సంగతి ఆమెకు ఏ క్విజ్‌లోనూ కనబడేది కాదు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె తన క్విజ్‌లన్నీ తెరిచి కూర్చుంది. ప్రతి ప్రశ్న అడుగునా సన్నటి అక్షరాలతో ఒక గడి ఉంది. ఇవి కూడా సరైన జవాబులే అని మనం రాసుకునేందుకు. అన్నాళ్ళూ ఆమె దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. సైటు తన పని తాను సరిగ్గానే చేసింది. ఆమే తన పని చేయలేదు. తవ్వేకొద్దీ ఇంకా బయటపడ్డాయి. హృదయం అన్నచోట గుండె అని చక్కగా రాసిన పిల్లలు కూడా ఎరుపులోనే ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఇంకా మొద్దుల గదిలోనే ఆకులకు రంగులేస్తున్నాడు.

మిషను చేసిన తప్పుకు నువ్వెందుకు ఏడుస్తావని భర్త సముదాయించబోయాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "నోటుపుస్తకాల్లో అయితే హృదయము అని చూడగానే టిక్కు పెట్టేదాన్ని. ఎవరీ పాతకాలపు పిల్ల అని నీకు చూపించి నవ్వేదాన్ని. నీకూ గుర్తుండిపోయేది ఆ పిల్ల" అంది. ఆయన తన కుర్చీని ఆమె పక్కకు జరుపుకున్నాడు. అవును, గుర్తుండిపోయేదే.

ఇంట్లో దిద్దుకోవడం ఒక ఎత్తు. లోకం మీద వదిలినవి ఒక ఎత్తు. ఊరికే పెట్టిన క్విజ్‌ల నకళ్ళు ఎవరెవరి దగ్గరో ఉన్నాయి. తన దగ్గరున్న దాన్ని సరిచేస్తే వాళ్ళ నకళ్ళు మారవు. సైటులో తన పేజీ మీద పెద్ద అక్షరాలతో జరిగిన తప్పేమిటో రాసిపెట్టింది, ము రాసిన పిల్లలకూ గుండె రాసిన పిల్లలకూ మార్కులు వేయండి, ఎరుపు చూసి ఎవరినీ ఎక్కడికీ పంపకండి అని వేడుకుంది. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన సూపర్ మేడం అన్నాడు. చదివాడో లేదో దేవుడికెరుక. తన పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్నవాళ్ళను తలుచుకుని ఆమె ఇప్పుడు కుమిలిపోయింది. వాళ్ళను పట్టుకునే దారి లేదు. ఆ క్లాసుల్లో ఏ పిచ్చుకలు నోరు మూసుకుని కూర్చున్నాయో ఆమెకు ఎప్పటికీ తెలియదు. మంచి చేస్తున్నాననుకుంటూ తప్పును ఊరూరా పంచిపెట్టింది.

హెడ్‌మేడం విని తల పట్టుకుంది. పిల్లల్ని మర్నాడే వెనక్కి పంపేద్దాం గానీ, పటాలు గోడకెక్కాక ఇప్పుడు తప్పని చెబితే బడి పరువేం కావాలి, గప్‌చుప్‌గా కానిచ్చేయండి అంది. ఉచితం టీచర్ సరేనంది. ఎదిరించి ఉంటే బాగుండేది, కథ చెప్పేవాడికీ చెప్పుకోవడానికి గొప్పగా ఉండేది. కానీ ఆమె అంత తెగువ ఉన్న మనిషి కాదు, తలూపి బయటికొచ్చింది. వచ్చాక తన పిరికితనానికి తనకే అసహ్యం వేసింది. కనీసం ఒక్క ఇంట్లోనైనా ఈ తప్పు నోటితో చెప్పుకోవాలనుకుంది. పిచ్చుకను పిలిచి, నీ జవాబులన్నీ సరైనవే, తప్పు నాది, మీ ఇంటికొచ్చి అమ్మమ్మకు కూడా చెబుతానంది. పిల్ల సంతోషపడుతుందనుకుంది. పిల్ల మొహం పాలిపోయింది.

"అయితే అమ్మమ్మను ఊరికే తిట్టానా టీచర్?"



వాళ్ళ ఇల్లు ఒక ఇస్త్రీ కొట్టు పైన. మెట్ల మీద కూడా వేడి బట్టల వాసన వస్తోంది. ఒకే గది, ఒక మంచం, గోడవారగా బీరువా. అమ్మమ్మ నాలుగు తరగతులు చదివి, బట్టల మిల్లులో నూలు కండెలు చుట్టి చేతులు అరగదీసుకున్న మనిషి. టీచరు ఇంటికొచ్చిందనేసరికి ఆవిడకు కంగారు పుట్టింది. ఉన్న ఒక్క కుర్చీనీ కొంగుతో తుడిచి వేసి, పిల్ల ఏం చేసిందమ్మా అని అడిగింది. ఏమీ చేయలేదని టీచరు చెప్పింది. చేసింది తనేనని, పిల్ల రాసిందీ మీరు నేర్పిందీ నూటికి నూరుపాళ్ళు సరైనవేనని, చూసుకోకుండా మొద్దుల్లో వేసింది తనేనని చెప్పింది.

అమ్మమ్మ మాత్రం టీచరునే ఓదార్చింది. "పోనీలెండమ్మా. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలీదా. నావి పాత మాటలు. పిల్లకు ఇప్పటి మాటలు వస్తే చాలు. దాన్ని చెడగొట్టకూడదని నేనే మానేశాను" అంది. ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే టీచరు తేలిగ్గా భరించి ఉండేది. ఆవిడ నిజంగానే నమ్మేసింది. తనకు చదువు రాదని, తన వల్ల పిల్ల చెడిపోతోందని, బడి చెప్పింది కాబట్టి నమ్మేసింది.

ఒక్కసారి ఆ పుస్తకం తీసి చదివి వినిపించమని టీచరు బతిమాలింది. ఎందుకులెండి అంది ఆవిడ. పిచ్చుక బీరువా తెరిచి, తనే తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, పక్కన ఒదిగి కూర్చుంది. అట్ట ఊడి దారంతో కుట్టిన పుస్తకం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది, పేజీని కిటికీ వెలుతురుకు పట్టుకుంది, గొంతు సవరించుకుంది.

"మొక్క భాగములలో మిక్కిలి అందమైనది పుష్పము" అని చదివి, టక్కున ఆగిపోయింది. తల ఎత్తి భయంగా టీచరు మొహంలోకి చూసింది. "పుష్పం" అని దిద్దుకుంది. "ఇలాగే కదమ్మా ఇప్పుడు అనాల్సింది?"

టీచరు మాట్లాడేలోపే పిచ్చుక ముందుకు వంగి ఆ మాట కింద వేలు పెట్టింది.

"ము అనొచ్చు అమ్మమ్మా. టీచర్ ఒప్పుకున్నారు."

ఆవిడ నిజమేనా అన్నట్టు చూసింది. టీచరు తల ఊపింది. అప్పుడు గాని ఆవిడ నోట పుష్పము రాలేదు. తర్వాతి వరుసలో పత్రము దగ్గర ఆగి మళ్ళీ చూసింది. టీచరు మళ్ళీ ఊపింది. ఫలము దగ్గర ఆగింది, బీజము దగ్గర ఆగింది. ఊహ తెలిసినప్పటినుంచి తనదైన మాటను పలకడానికి, ఆ వయసులో, తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని ఆవిడ పరాయి మనిషి సెలవు అడుగుతోంది. పిల్ల కూడా అమ్మమ్మతో పాటు తల ఎత్తి, పచ్చో ఎరుపో తేలేదాకా ఆగినట్టు టీచరు వైపే చూస్తోంది. వద్దు, నన్ను చూడకండి, మీరు చదువుకోండి అని చెప్పాలని ఆమెకు ఎంతగానో ఉంది. చెబితే ఆవిడ అక్కడితో చదవడం ఆపేస్తుందేమోనని భయమేసింది. పేజీ అయ్యేదాకా ఆమె అలా తల ఊపుతూనే కూర్చుంది.